మీకేమనిపిస్తోంది మేడమ్?

పెద్ద పదవుల్లో పనిచేసినవాళ్ళు రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోకుండా కన్సల్టెంట్లు, కోచ్‌లు అయిపోవడం లోకానికి జరుగుతున్న మహోపకారం. కాదనేవాళ్ళు ఇంతవరకూ ఒక్క సెషన్‌లో కూడా కూర్చోలేదన్నమాట. నేను మూడింటిలో కూర్చున్నాను. అనుభవంతో చెబుతున్నాను, వినండి.

మా సంస్థ డైరెక్టర్ మేడమ్ సంగతే తీసుకోండి. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీలో ఉన్నారు. అన్నేళ్ళలో ఆవిడ దగ్గర జవాబు లేని ప్రశ్న లేదు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగిన రోజూ లేదు. “మేడమ్, వెనక గదిలో…” అనేసరికే ఫ్యాన్ రేపు బాగుచేయిస్తాననేవారు. మనం చెప్పబోయింది కారుతున్న పైకప్పు గురించి. అయినా ఫ్యాన్ బాగయ్యేది. ఏదో ఒకటి బాగవడం ముఖ్యం కదా!

రిటైరైన రోజు మేమంతా కలిసి గోడ గడియారం ఇచ్చాం. ఇకమీదట ఆవిడకి టైమ్‌తో పనేముందని మాకెవరికీ తట్టలేదు. ఆవిడకి తట్టింది. రెండు నెలలు ఆన్‌లైన్‌లో ఏదో కోర్సు చదివి కోచ్ అయ్యారు. ఇంట్లో ముందుగది ఖాళీ చేయించి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించారు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద టిష్యూ డబ్బా, మూలన నీళ్ళు పోయనక్కర్లేని ప్లాస్టిక్ మొక్క. గోడకి మా గడియారం.

మూడో నెలలో మా సంస్థకే కన్సల్టెంట్‌గా వచ్చి, తన పాత కుర్చీకి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. గది మారలేదు, మనిషి మారలేదు. మొహం ఇటు తిరిగింది, అంతే.

కోచ్‌లకి ఒక నియమం ఉందట. జవాబు చెప్పకూడదు. ప్రశ్న అడగాలి, అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. ఎదుటి మనిషి ఆ నిశ్శబ్దం తట్టుకోలేక తన జవాబేదో తనే చెప్పేసుకుంటాడట. ఎంత హాయైన విద్యో చూడండి!

మా డ్రైవరు వెళ్ళి బండికి బ్రేకులు పడటం లేదన్నాడు. ఆగలేకపోవడం మీకు చిన్నప్పటినుంచీ ఉందా అని అడిగారు మేడమ్. ఆ రోజునుంచి డ్రైవరు ఆలోచనలో పడ్డాడు, బండి తీయడం మానేశాడు. ఎన్ని ప్రమాదాలు తప్పాయో మీరే ఊహించుకోండి!

నాకు పని పడింది మాత్రం వెనక గది దగ్గర. రోజూ మధ్యాహ్నం రెండింటికి అక్కడ పెద్దవయసు ఆడవాళ్ళకి చదువు చెబుతారు. ఆఫీసు ఊడ్చి, తుడిచి, ఉత్తరాలు మోసిన నేను అరవై దాటాక అక్షరాలు దిద్దింది ఆ గదిలోనే. ఇప్పుడు పదకొండుమంది దిద్దుతున్నారు, నేను పలకలు పంచుతున్నాను. పోయిన నెల మా ఆఫీసున్న ఇంటి ఓనరు వచ్చి, నెలాఖరుకి ఆ గది తనకి కావాలన్నాడు. మీ పాత మేడమే ఎప్పుడో మాటిచ్చిందన్నాడు.

నిజమేనా అని మా కొత్త డైరెక్టరు వెళ్ళి మేడమ్‌ని అడిగాడు. ఆ గది మీకు ఎవరిని గుర్తుచేస్తోందన్నారు. ఆయనకి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడట. మేడమ్ టిష్యూ డబ్బా ముందుకు జరిపారు. మనసు తేలికై వచ్చాడు పాపం. గది సంగతి మాత్రం తేలలేదు.

స్టాఫ్‌కి మేడమ్ ఇంటి ముందుగదిలో తలా మూడు సెషన్లు ఫ్రీ. నా మొదటి రెండూ ఇలాగే పోయాయి. మాటిచ్చారా మేడమ్ అంటే, మీ ప్రశ్న వెనక ఏముందన్నారు. పదకొండుమంది ఉన్నారన్నాను. చాలా బావుందని పుస్తకంలో రాసుకున్నారు. ఈలోగా టైమ్ అయిపోయింది.

ఇక లాభం లేదని ఓనరు దగ్గరికే వెళ్ళాను. ఆయన బీరువాలోంచి ఒక ఉత్తరం తీశాడు. మా సంస్థ కాగితం, మేడమ్ సంతకం. తరగతి మొదలుపెట్టిన ఏడాదిది. మీకు అవసరమైనప్పుడు గది ఖాళీ చేస్తామని రాసి ఉంది. గడగడా చదివేశాను.

“నువ్వే కదమ్మా తెచ్చిచ్చావు, మర్చిపోయావా?” అన్నాడు ఓనరు.

మర్చిపోలేదు. మడత నలక్కుండా రెండు వీధులు నడిచి ఆయన చేతిలో పెట్టింది నేనే. అందులో ఏముందో అప్పుడు నాకు తెలియదు. అప్పటికి నాకు చదవడం రాదు.

అందుకే మూడో సెషన్‌లో ఆ ఉత్తరం నకలు టిష్యూ డబ్బా పక్కన పెట్టాను.

“ఈ ముందుగది మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటుంది కదా. మీకేమనిపిస్తోంది మేడమ్?”

అడిగి, నియమం ప్రకారం నోరు మూసుకున్నాను. గడియారం చప్పుడు వినిపించసాగింది. మేడమ్ ఉత్తరం చదివారు. మళ్ళీ చదివారు. టిష్యూ ఒకటి తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను కదల్లేదు. ఆ ఆఫీసులో ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉన్నదాన్ని, నాలుగు నిమిషాలు నాకో లెక్కా?

“పదకొండుమందీ పట్టరేమో,” అన్నారు చివరికి.

నేను పలకలేదు.

“కుర్చీలు తీసేస్తే పడతారులే.”

చూశారా, కోచింగ్ ఎంత గొప్పదో! నాకున్న కంప్లయింట్ ఒక్కటే. మేము చదవలేని రోజుల్లో ఆవిడ దగ్గర అన్నిటికీ జవాబులుండేవి, మమ్మల్ని అడక్కుండానే రాసి పంపేసేవారు. మేము చదివి అడిగే రోజు వచ్చేసరికి, జవాబు చెప్పకూడదన్న నియమం వచ్చిపడింది. ఆ అడగడమేదో కుర్చీలో ఉన్నప్పుడే నేర్చుకుని ఉంటే, నేను ఆ రెండు వీధులూ నడవాల్సిన పనే ఉండేది కాదేమో!

సోమవారం నుంచి తరగతి మేడమ్ ముందుగదిలోనే. మొదటిరోజే బట్టలు కుట్టే ఆవిడ పలక ఎత్తి చూపించి, ఇదేం అక్షరమని మేడమ్‌ని అడిగింది.

“మీకేమనిపిస్తోంది?” అన్నారు మేడమ్, అలవాటు కొద్దీ.

“నాకేదన్నా అనిపిస్తే ఇంత దూరం ఎందుకొస్తానండీ?” అంది ఆవిడ.

పన్నెండుమందిమీ ఎదురుచూస్తూ కూర్చున్నాం. మేడమ్ ఒకసారి గడియారం వైపు చూశారు. తర్వాత మెల్లగా నేల మీద చతికిలబడి, పలక తన వైపు లాక్కున్నారు.

“‘ధ’ అండీ,” అన్నారు. “ఇది ‘ధ’.”