సోయిలమ్మ కొన్న స్నానపు కట్ట

మంగళవారం పొద్దున్నే మొక్కజొన్న గింజలు పొయ్యి మీద పడేసి, రోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఊలు అల్లుకోవాలని సోయిలమ్మ అనుకుంది. కూతురు నూబెకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు ఇప్పటికే పది టోపీలు అయ్యాయి. తల పెద్దదైతే ఉంటాయని నాలుగు, చిన్నదైతే ఉంటాయని నాలుగు, మిగతా రెండూ ఎందుకైనా మంచిదని.

అంతలో నూబె వంటింట్లోంచి తల బయటపెట్టి, "అమ్మా, మేడమీద తొట్టి వేడి పెట్టమన్నాను. పదకొండింటికి సిద్ధమవుతుంది. ఎక్కడికీ పోకు" అని మళ్లీ లోపలికి పోయింది.

సోయిలమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

ఆ తొట్టి అల్లుడు దార్విన్ కొన్నది. కుయెంకా పట్నం నుంచి ఈ ఊరి వేడినీటి బుగ్గల కోసం వచ్చేవాళ్లకు అతను కింద నాలుగు గదులు అద్దెకిస్తాడు. బుగ్గల దాకా నడవలేని వాళ్ల కోసం, అడుగునుంచి బుడగలు తన్నుకొచ్చే పాత తొట్టినొకదాన్ని బేరమాడి తెచ్చి మేడమీద పెట్టాడు. అందులో గుడ్డు వేస్తే ఉడుకుతుందని సోయిలమ్మ నమ్మకం. కడుపుతో ఉన్న మనిషి ఒళ్లు మరీ వేడెక్కితే లోపలి బిడ్డకు ముప్పని రేడియోలో డాక్టరు చెప్పగా ఆమె స్వయంగా విన్నది. అది నిజమే. కానీ రేడియో ఒక ప్రమాదం చెబితే సోయిలమ్మకు తొమ్మిది కనబడతాయి.

వద్దంటే నూబె వినదు, వద్దన్న పని రెండుసార్లు చేసే రకం. పోనీ చన్నీళ్లు కలుపుదామంటే కడుపులోకి చలి దిగుతుంది. వేడీ కూడదు, చలీ కూడదు. ఇక మిగిలినవి ఆకులే. ఆకులు పడితే నీళ్ల వేడి విరుగుతుందని సోయిలమ్మ అమ్మమ్మ అనేది. సోయిలమ్మ శాలువా కప్పుకుని గబగబా సంతకు నడిచింది.

"నూబెకి స్నానం ఆకులు ఒక కట్ట ఇయ్యి తల్లీ, మంచివి చూసి."

ఆకులమ్మే తర్హీలమ్మ చెయ్యి చామంతుల మీదే ఆగిపోయింది. ఆ ఊళ్లో తల్లి కూతురి కోసం స్నానం ఆకులు కొనేది ఒక్కనాడే, ప్రసవమైన ఐదో రోజున.

"ఎప్పుడు పోస్తున్నావక్కా?"

"ఇవాళే, పదకొండింటికి."

"అంతా బాగానే ఉందా?"

"ఏం బాగో. బిడ్డ ఏమైపోతుందోనని కాళ్లూ చేతులూ ఆడట్లేదు. ఎవరితోనూ అనకు, నూబెకి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

తర్హీలమ్మ కళ్లొత్తుకుని ఇంకో గుప్పెడు గులాబీ రేకులు ఊరికే వేసింది. ఎవరితోనూ అనలేదు. పక్కనే ఉల్లిపాయలమ్మే ఆవిడతో అన్నది గానీ, ఆవిడ పరాయిది కాదు కదా.

పది దాటేసరికి సంగతి ఊళ్లో స్థిరపడిపోయింది. నూబె ఐదు రోజుల కిందట, ఏడో నెలకే కన్నది. బిడ్డ బతుకుతుందో లేదోనని తల్లి గుట్టుగా దాచింది. బాలింతకు నలభై రోజులూ కోడిరసమే పోయాలి గనుక, ఇంటింటా ఎవరో ఒకరు కోడి కాళ్లు కట్టడం మొదలుపెట్టారు.

ఇదేమీ తెలియని సోయిలమ్మ కట్ట విప్పి తొట్టిలో వేసింది. చెయ్యి పెట్టి చూసింది. నలభై ఏళ్లు కుండలు దించిన చెయ్యి, దానికి ఏ వేడీ తెలియదు. ఒళ్లంతా పెట్టి చూస్తేనే గానీ నిజం తేలదని, లోపావడాతో తొట్టిలోకి దిగి మెడదాకా కూర్చుంది. పదకొండు దాకా తను ఓర్చుకుంటే సరే, ఓర్చుకోలేకపోతే మీటనొక్కి నీళ్లన్నీ వదిలేయాలని ఆమె పథకం. మొదట హాయిగా ఉంది. ఆ హాయి చూసి ఇంకా భయమేసింది.

అరగంట పైన గడిచాక కింద కోళ్లు అరిచాయి. ఒకటి కాదు, డజను. వాటి మధ్య ఆడవాళ్ల ఏడుపు. ఎవరో దార్విన్‌ను ఓదారుస్తున్నారు: "దిగులుపడకు నాయనా. ఏడో నెలలో పుట్టినవాళ్లు బతుకుతారు. ఎనిమిదో నెలవాళ్లతోనే కష్టం."

సోయిలమ్మకు ఒక్కటే అర్థమైంది: తను ఇక్కడ నీళ్లు చూస్తుండగా కింద పిల్లకు నొప్పులొచ్చేశాయి. ఒక్క ఉదుటున లేచింది. లేవగానే లోకం గిర్రున తిరిగింది. ఎలాగో అంచు దాటి, చామంతులతో సహా నేలమీద కూలబడింది.

మొదట పైకొచ్చింది వియ్యపురాలు ఒర్ఫెలమ్మ, చంకలో కోడితో.

"ఐదు రోజులు దాచావు వదినా. వాడికి నేను నానమ్మను కానా? బిడ్డెక్కడ?"

"బిడ్డ పోయాడా?" అంది సోయిలమ్మ.

ఒర్ఫెలమ్మ కోడిని వదిలేసి శోకాలందుకుంది. సోయిలమ్మ శ్రుతి కలిపింది. ఇద్దరూ అలా ఏడుస్తుండగా గరిటె పట్టుకుని, పొట్ట ముందుపెట్టుకుని నూబె వచ్చింది. వెనకే పసిబిడ్డను తూచే త్రాసుతో ఆరోగ్య కేంద్రం నర్సు.

ఒర్ఫెలమ్మ కోడలి పొట్టను ఎగాదిగా చూసింది. "అయితే బిడ్డ లేడా?"

"ఉన్నాడత్తయ్యా, లోపల."

"ఐదు రోజుల నుంచీనా?"

"ఏడు నెలల నుంచి."

నర్సు త్రాసు పక్కనపెట్టి సోయిలమ్మ నాడి పట్టుకుంది. తొట్టికున్న, వేడి చూపే ముల్లు చూసింది, నలభై డిగ్రీలు. కాళ్లెత్తి పడుకోబెట్టి, నీళ్లు తాగించి, ఆ వేడిలో మామూలు మనిషికే పది నిమిషాలు చాలునని, కడుపుతో ఉన్నవాళ్లు అసలు దిగకూడదని మందలించింది. గోరువెచ్చగా, ఒంటి వేడికి మించకుండా ఉంటే కాసేపు కూర్చోవచ్చట, అదీ పక్కన మనిషిని పెట్టుకుని, తల తిరగకముందే లేచేసి.

"నేననేదీ అదే" అంది సోయిలమ్మ పడుకునే.

"మరి నువ్వెందుకు దిగావమ్మా?"

"నువ్వు దిగుతావని."

నూబె గరిటె కింద పెట్టి తల్లి పక్కన మెల్లగా కూర్చుంది. "నాకు డాక్టరమ్మ మొదటి నెలల్లోనే చెప్పింది వద్దని. రాత్రంతా మోకాళ్లని మూలుగుతున్నావని నీకోసం పెట్టించాను. పది నిమిషాలు కూర్చోబెడదామని."

సోయిలమ్మ తన మోకాలికంటిన చామంతి తీసి పక్కన పెట్టింది. నడిమెట్ల మీద దార్విన్ ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పి కోళ్లు తిరిగిచ్చేస్తానంటున్నాడు. బాలింత గుమ్మం తొక్కిన కోడి వెనక్కి పోతే బిడ్డకు అరిష్టమని వాళ్లు ఒప్పుకోవడం లేదు. బాలింతే లేదన్న సంగతి వాళ్లకు అడ్డు రాలేదు. చివరికి పదమూడు కోళ్లు పెరట్లో ఉండిపోయాయి, నలభై రోజులూ రసం సోయిలమ్మే తాగింది.

రెండు నెలలకు, నెలలు నిండాక, నూబె మూడు కిలోల మగబిడ్డను కన్నది. చూడటానికి ఎవరూ రాలేదు. ఊరి లెక్కలో వాడికి అప్పటికే మూడో నెల.