గుర్తు లేని చీటీ

బుధవారం పొద్దున్న టైలరు మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. టీ తాగాలి. షట్టరు ఎత్తేలోపు అరగంట గిటారు వాయించాలి. ఆ తర్వాత లోకంలో ఉన్న మిగతా జనం తప్పులు దిద్దాలి. ఈ మూడో పని ఆయనకి పుట్టుకతో వచ్చింది. ఆయన లెక్కలో ఆ వీధిలో సరైన కొలతకి చేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఎదురింటి తలుపు అర అంగుళం వంకర, పక్క షాపు బోర్డు ఒక అంగుళం దిగుడు, తన దగ్గర కటింగ్ చేసే బావమరిది బుర్ర మొత్తానికే కురచ.

గిటారు కొని పదేళ్ళయింది. పెద్ద పెట్టె, బొంగురు గొంతు. పదేళ్ళలో మాస్టారు దాని మీద తీగలు నొక్కే పట్లు మూడంటే మూడు నేర్చుకున్నారు, అందులో రెండోది వేసినప్పుడల్లా పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు. ఆ రోజు ఆయన గిటారుని ఒళ్ళో పెట్టుకుని కుడిచెయ్యి పైనుంచి వేస్తే, వేళ్ళు తీగలకి రెండంగుళాల అవతలే ఆగిపోయాయి. ముందుకు వంగితే గిటారు అంచు పొట్టలో దిగబడింది.

"దీని కొలతే తప్పు. ఇన్నాళ్ళూ మొహమాటపడి ఊరుకున్నాను," అన్నారు మాస్టారు. "పెట్టె మరీ పెద్దది చేశాడు వెధవ."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తలేదు. "పదేళ్ళ నుంచీ ఇంట్లోనే ఉందిగా. గిటారు పెరగలేదండీ."

"అంటే?"

"ఏం లేదు. ఆడలేక మద్దెల ఓడని ఎవరో అన్నారట, అది గుర్తొచ్చింది."

మాస్టారు ఆ మాటని విననట్టు వదిలేశారు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగంమంది పొట్టలు కొలిచిన మనిషి, తన నడుం చుట్టూ టేపు తిప్పుకున్నది మాత్రం ఒక్కసారే, పెళ్ళికి ముందు. అప్పుడు ముప్పై నాలుగు వచ్చింది. అది రాసుకున్నారు. రాసినది రాసినట్టే ఉంది కాబట్టి నడుమూ అలాగే ఉందని ఆయన నమ్మకం.

"ఇంకోటి కొంటాను. చిన్న పెట్టెది. ఒళ్ళో కూర్చోబెడితే బుద్ధిగా కూర్చోవాలి," అని ప్రకటించి, ఈ సంగతి టీకొట్టు దగ్గర నలుగురికీ చెప్పి మరీ బజారుకి బయల్దేరారు. పెద్ద గిటార్లు సంగీతం రానివాళ్ళకి అని కూడా అక్కడ సెలవిచ్చారు. ఇక చిన్న గిటారు లేకుండా వెనక్కి రావడం పరువు తక్కువ.

గిటార్ల షాపాయన సన్నగా, పొడుగ్గా, తల నున్నగా గుండ్రంగా ఉండే మనిషి. ఇరవై ఏళ్ళుగా గిటార్లు అమ్ముతున్నాడు. తట్టి చూసేవాళ్ళని, వాసన చూసేవాళ్ళని, ధర చదివి పారిపోయేవాళ్ళని చూశాడు.

"ఏ మోడలు చూపించమంటారు?"

"మోడళ్ళు మీకు. నాకు కొలత కావాలి," అని మాస్టారు మెళ్ళోంచి టేపు తీశారు.

గోడకి వేలాడుతున్న గిటార్లన్నిటికీ వరసగా పైచుట్టు, నడుం, కిందిచుట్టు తీయడం మొదలుపెట్టారు. షాపులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు గుడ్లప్పగించి చూశారు. షాపాయన మాత్రం ఓపికగా వెనకాలే నడిచాడు. చివరికి మాస్టారి టేపు ఒక చిన్న గిటారు దగ్గర ఆగింది. పైన ముప్పై, నడుం ఇరవై ఆరు, కింద ముప్పై ఆరు.

"ఇదీ కటింగంటే," అన్నారు మాస్టారు.

"మంచిదే ఎంచారు. ఇంట్లో ఒకటుందంటున్నారు కాబట్టి దీనిమీద మరీ తగలెయ్యక్కర్లేదు. పైచెక్క ఒక్కటే అసలు చెక్క, పక్కలవి అతుకు చెక్కలు. గొంతు కొంచెం చిన్నదే గానీ తియ్యగా ఉంటుంది."

"అంటే పైబట్ట మంచిది, లైనింగు మామూలుది. మా దగ్గరా అంతే."

ఒళ్ళో పెట్టుకుంటే గిటారు నిజంగానే బుద్ధిగా కూర్చుంది. వేళ్ళు తీగల్ని అందుకున్నాయి. మాస్టారి మొహం వెలిగిపోయింది. ధర చీటీ తిప్పి చూశాక అంతే తొందరగా ఆరిపోయింది. షాపాయన అది గమనించి, నున్నటి తల నిమురుకుంటూ, "నాకూ మీతో ఓ పనుంది మాస్టారూ," అన్నాడు. "శనివారం సాయంత్రం ఆరింటికి నన్ను బజారు సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తున్నారు. నా ఒంటికి సరిపోయే కోటు ఊళ్ళో ఎక్కడా లేదు. శనివారానికి నా ఒంటికి అతికినట్టు కుట్టివ్వండి, గిటారు మీది. కుదరకపోతే ఇది ఓ స్కూలు టీచరుగారు అడిగారు, ఆయనకి ఇచ్చేస్తా. ఇదొక్కటే మిగిలింది."

"ట్రయలుకి రావక్కర్లేదు. ట్రయలు కొలత చేతకానివాళ్ళకి," అన్నారు మాస్టారు.

ఇక్కడ టైలరు షాపు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. మాస్టారు కొలతల చీటీ మీద ఎవరి పేరూ రాయరు. ఏదో ఒక గుర్తు వేస్తారు. కస్టమరు పొట్ట సంగతి కస్టమరుకీ పైవాడికీ తెలిస్తే చాలని ఆయన సిద్ధాంతం. షాపాయన కొలతలు తీసి, ఆ నున్నటి తలకి గుర్తుగా చీటీ మీద గుండ్రంగా సున్నా చుట్టారు. గిటారుకి కవరు కుట్టించాలి కదా, దాని కొలతల చీటీ మీద తీగకి గుర్తుగా ఒక గీత గీశారు. గిటారు భుజాన తగిలించుకునే బెల్టు కూడా కావాలి, దానికి తన కొలత తీసుకోక తప్పలేదు. అటూ ఇటూ చూసి, షాపు మూలనున్న అద్దం వెనక్కి వెళ్ళి, పొట్ట లోపలికి పీల్చి టేపు చుట్టుకున్నారు. నలభై ఆరు. టేపు మెలిపడిందేమోనని మళ్ళీ చుట్టారు. నలభై ఆరున్నర. మొదటిదే మేలనుకుని అది రాసుకున్నారు. పనిలో పనిగా ఛాతీ, భుజం, చెయ్యి కూడా రాశారు, అలవాటు చెయ్యి ఊరుకోదు కదా. ఆ చీటీ మీద మాత్రం ఏ గుర్తూ వెయ్యలేదు.

ఇంటికి వచ్చి, కొలతల పుస్తకంలోంచి చింపిన ఆ మూడు చీటీలూ బల్ల మీద పడేశారు. "గిటార్ల షాపాయనకి ఒక కోటు, ఒక గిటారు కవరు, ఒక బెల్టు. బెల్టుకి చీటీలో అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకో. కవరుకి మందపాటి నల్లబట్ట, పైన మెడకి దారి, ముందు జిప్పు. కోటుకి ఆ బూడిద రంగు ఖరీదు బట్ట. శనివారానికి కావాలి."

బావమరిది నలభై ఏళ్ళవాడు, కత్తెర పట్టడంలో నేర్పరి, నోట్లో నాలుక లేనివాడు. ఎప్పుడైనా నోరు తెరిస్తే ఒక సందేహం అడుగుతాడు. అందుకని మాస్టారు అతనికి సందేహాలరావు అని పేరు పెట్టారు.

"ఏ చీటీ దేనికి బావగారూ?" అన్నాడు సందేహాలరావు.

"గుర్తు చూస్తే తెలీదూ? ముప్పై ఏళ్ళుగా ఈ షాపులో పుస్తకంలో ఏముంటే అదే కోస్తున్నాం. నువ్వు నీ బుర్ర వాడకు, దానికి అలవాటు లేదు."

సందేహాలరావు చీటీలు ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. గిటారుకి మధ్యలో గుండ్రటి కంత ఉంటుంది. కాబట్టి సున్నా చుట్టిన చీటీ గిటారుది, దానితో కవరు. బెల్టు గీతలా పొడుగ్గా ఉంటుంది. కాబట్టి గీత గీసిన చీటీ బెల్టుది. ఇక మిగిలింది గుర్తు లేని చీటీ, అది కోటుది. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. గుర్తులు వేసిన మనిషి బుర్రలో ఏముందో తెలిస్తే తప్ప.

అయినా అతనికి మనసు ఒప్పలేదు. గురువారం లోపలి గదిలోకి తొంగిచూశాడు. మాస్టారు పెద్ద గిటారుని పక్కకి వంచి, పొట్టకి దూరంగా పట్టుకుని సాధన చేస్తున్నారు. "బావగారూ, గిటార్ల షాపాయన సన్నటి మనిషి కదా. కోటు నడుం నలభై ఆరు..."

మాస్టారు ఇటు తిరగనైనా లేదు. "పుస్తకంలో ఏముంటే అదే కొయ్యి."

శుక్రవారం మళ్ళీ వచ్చాడు. "బావగారూ, కవరు చీటీలో చెయ్యి కొలత ఉంది. గిటారుకి చేతులెక్కడివి?"

"బెల్టు దూరడానికి దారి ఉండద్దూ? ప్రతిదీ నేనే చెప్పాలిరా నీకు. పుస్తకంలో ఏముంటే అదే."

అతను కవరుకి రెండు పక్కలా రెండు చంకల కంతలు కోసి అక్కగారికి ఇచ్చాడు. కవరూ బెల్టూ కుట్టేది ఆవిడే. ఆవిడ ఆ నల్లటి వస్తువుని అటు తిప్పి, ఇటు తిప్పి, భుజాల దగ్గర వేళ్ళతో కొలిచి చూసింది. లోపలినుంచి రెండో పట్టు వినిపించింది. పక్కింటి కిటికీ మూసుకుంది. ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

శనివారం అయిదున్నరకి షాపాయన చిన్న గిటారుని భుజాన వేసుకుని వచ్చాడు. "మాటంటే మాట మాస్టారూ. కోటు తొడగండి, గిటారు అందుకోండి."

మాస్టారు సందేహాలరావు చేతిలోంచి కోటు లాక్కుని, తానే కుట్టినంత దర్జాగా తొడిగారు. షాపాయన కోటులో మాయమైపోయాడు. చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు, గుండీ పెడితే అది వెళ్ళి వీపు పక్కన తేలింది.

"ఇందులో నాతోపాటు మా కార్యదర్శి కూడా పడతాడు," అన్నాడు షాపాయన నీరసంగా. కోటు విప్పి బల్ల మీద పెట్టి, గిటారు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "పోన్లెండి, టీచరుగారికి కబురు పెడతాను."

గిటారు గుమ్మం వైపు కదలడం చూసి మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. బావమరిది మీద పడ్డారు. "నడుం ఎంత కోశావురా?"

"నలభై ఆరు."

"నలభై ఆరా? మనిషన్నవాడికి ఉంటుందా ఆ నడుం? కళ్ళతో చూశావా ఎప్పుడైనా? గాదెకి కుట్టావా కోటు? నా పుస్తకంలో అలాంటి కొలతే లేదు. రేపట్నుంచి నువ్వు కత్తెర ముట్టుకోకు."

సందేహాలరావు మొహం పాలిపోయింది. ఇరవై ఏళ్ళుగా అతనికి వచ్చిన పని అదొక్కటే. సొరుగు లాగి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "మీ రాతే బావగారూ. ఈ చీటీ ఎవరిది?"

మాస్టారు చీటీ చూశారు. దాన్ని బోర్లా తిప్పి పెట్టారు. "ఒక... ఒక పెద్దమనిషిది."

"ఆ పెద్దమనిషిని పిలవండి మరి, కోటు ఇచ్చేద్దాం," అంది భార్య.

"ఊళ్ళో లేడు."

"అలాగా. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎలా ఉంటుందో చూద్దాం. చేతులు చాపండి." ఆవిడ గొంతులో కోపం లేదు. బావమరిది కళ్ళలో నీళ్ళున్నాయి, షాపాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మాస్టారికి చేతులు చాపక తప్పలేదు. ఆవిడ కోటు తొడిగి, కాలరు సర్ది, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. భుజం భుజం మీద కూర్చుంది. నడుం దగ్గర ఒక్క ముడత లేదు. ముప్పై ఏళ్ళలో ఆ షాపునుంచి అంత చక్కగా అతికిన కోటు ఇంకోటి బయటికి వెళ్ళలేదు.

సందేహాలరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"కటింగు తప్పేం లేదు మా తమ్ముడిది," అంది భార్య. "రేపట్నుంచి కత్తెర ఎవరు ముట్టుకోవాలో మరి మీరే చెప్పండి."

"వాడే," అన్నారు మాస్టారు, గోడకి చెప్పినట్టు.

గడియారం చూసుకుని షాపాయన తల పట్టుకున్నాడు. "మీ గొడవ బానే ఉంది. ఇంకో పావుగంటలో నన్ను కుర్చీలో కూర్చోబెడతారు. ఈ చొక్కాతో వెళ్ళనా?"

ఆవిడ కొక్కానికి తగిలించిన నల్లటి కవరు తెచ్చి ఇచ్చింది. "ఇది వేసుకు చూడండి. కొలత మీదే అనుకుంటాను."

గిటారు మెడకని ఉంచిన దారిలోంచి మెడ వచ్చింది. చేతులు చంకల కంతల్లోంచి వచ్చాయి. జిప్పు గడ్డం దాకా పాకింది. షాపాయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. గిటారుకని తీసిన మందపాటి బట్ట ఒంటికి బిగుతుగా, దర్జాగా నిలబడింది.

"దీన్నేమంటారు?"

"చేతుల్లేని కోటు," అంది ఆవిడ. "కొత్తగా వచ్చింది."

"ఎవరు కుట్టారు?"

"నేనే."

షాపాయన భుజాన ఉన్న గిటారు తీసి రెండు చేతులతో ఆవిడకి అందించాడు. "నా ఒంటికి అతికినట్టు కుట్టినవాళ్ళకి గిటారన్నాను. మాట తప్పను అమ్మా," అని మెట్లు దిగి సంఘానికి పరిగెత్తాడు.

గిటారు కోసం చాపిన చెయ్యి మాస్టారు వెనక్కి తీసుకున్నారు. సందేహాలరావు బెల్టు తెచ్చాడు. ముప్పై ఆరు అంగుళాలది. మాస్టారి ఒంటి మీద అది సగం దారిలోనే ఆగిపోయేది. అక్కగారికి సరిగ్గా సరిపోయింది. ఆవిడ కాజాల స్టూలు మీద కూర్చుని, గిటారు తగిలించుకుని, పదేళ్ళుగా వింటున్న మూడు పట్లూ వరసగా వేసింది. రెండోదానికి పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"వేలు అర అంగుళం కిందికి ఉండాలి," అన్నారు మాస్టారు.

"ఎలాగో మీ గిటారు మీద చూపించండి," అంది ఆవిడ.

మాస్టారు పెద్ద గిటారు వైపు చూశారు. తర్వాత కోటు వైపు చూసుకున్నారు. చెప్పడం వేరు, చూపించడం వేరు అని గొణిగి, పక్క షాపు బోర్డు ఎంత దిగిందో చూడటానికి వీధిలోకి వెళ్ళిపోయారు.

ఆ కోటు మాస్టారు ఇప్పటికీ వేసుకుంటున్నారు. గుండీలు పడుతున్నాయా అని మాత్రం అడక్కండి, కస్టమరు పొట్ట సంగతి కస్టమరుకీ పైవాడికీ తెలిస్తే చాలు.