మూడుసార్లు తిప్పే వెబ్‌సైట్

చంద్రపూర్‌లోని ఒకానొక ధ్రువపత్రాల కార్యాలయం ప్రజాసేవలో కొత్త శిఖరం అధిరోహించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సోమవారం ఒక్క పూటలోనే అక్కడ నాలుగు లక్షల దరఖాస్తులు పరిశీలించి వాపసు చేశారు. దరఖాస్తుదారులు మాత్రం పదకొండు మందే.

ఈ ఘనతకు కారకుడు ఆఫీసు ప్రోగ్రామర్, లాల్‌పేట్ వాస్తవ్యుడు సంజీవ్. మొదటిసారి వచ్చిన కాగితం మీద సంతకం పెడితే పరువు తక్కువని, మూడుసార్లు తిప్పాలని అక్కడి ఆచారం. వెబ్‌సైట్‌లోనూ దాన్ని పాటించాలని ఆఫీసు పెద్ద ధనరాజ్ సాహెబ్ ఆజ్ఞాపించారు. సంజీవ్ జావాస్క్రిప్ట్‌లో లూప్ రాశాడు: తిప్పిన లెక్క మూడయ్యేదాకా "కాగితాలు తక్కువ" అని వాపసు పంపు. తిప్పినప్పుడల్లా లెక్కను ఒకటి పెంచే లైను మాత్రం మరిచాడు. లెక్క సున్నా దగ్గరే కూర్చుంది. దరఖాస్తులు గానుగెద్దుల్లా తిరుగుతూనే ఉన్నాయి.

తప్పు తెలియగానే సంజీవ్ సాహెబ్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అంకెలు చూసి లేచి నిలబడ్డారు.

"అరే, జిల్లాల మనదే పహిలా నంబర్! గా లూప్ జోలికి పోకు!"

సన్మానానికి శాలువా, కొబ్బరికాయ వచ్చాయి. "మన పెద్దలు మూడుసార్లే తిప్పగలిగిండ్రు. సంజీవ్ అంతు లేకుండ తిప్పిండు!" అని సాహెబ్ ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి.

శాలువాతో సీటుకు వచ్చేసరికి రాజురా అవతలి పల్లె రైతు లస్మయ్య నిలబడి ఉన్నాడు. అతని కూతురు కోమలకు నర్సింగ్ సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఐదులోగా కాలేజీలో నివాస ధ్రువపత్రం ఇవ్వకపోతే సీటు పోతుంది.

"సార్, పొద్దుగాల సంది ముప్పై ఆరు వేల సార్లు వాపసొచ్చింది. నేనేం తప్పు చేసిన?"

సంజీవ్‌కు సిగ్గేసింది. శాలువా పక్కన పడేసి లూపే తీసేశాడు. మూడు గంటలకల్లా, మొదటి ప్రయత్నంలోనే, సాహెబ్ డిజిటల్ సంతకంతో ధ్రువపత్రం వెచ్చవెచ్చగా ప్రింటరులోంచి వచ్చింది. ఇద్దరిలో సంజీవ్‌కే ప్రాణం లేచొచ్చింది. లస్మయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఒక్కపారికే ఇచ్చిండ్రు... గిది అసలుదేనా సార్?"

"అసలుదే కాకా, ఉరుకు!"

ఐదింటికి సంజీవ్ బయటికొస్తే వరండాలో పదకొండు మంది వరుస కట్టి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ధ్రువపత్రాలే. అందరికంటే ముందు లస్మయ్య.

"కోపం చేయకు సార్. తిప్పకుండ ఇచ్చిన కాగితమంటే కాలేజీల ఎవరు నమ్ముతరు? ఇంకో రెండుపార్లు వాపస్ చెయ్యి, ధైర్యంగ తీస్కపోత."

సంజీవ్ గోడ గడియారం చూశాడు. ఐదూ ఐదు.

నవ్వకండి. అడిగిన పూటే పని చేసిపెట్టిన ఆఫీసును మీరు మాత్రం ఎన్నడు నమ్మారు?