పేరు లేని పెట్టెకు కరెంటు లేదు

మనిషి పేరు లేకుండా కొన్నాళ్లు బతకవచ్చు. ప్రభుత్వ ఆస్తి మాత్రం బతకరాదు. కరంగ్‌వులు జిల్లా ఆస్తుల నిబంధనావళిలో పద్నాలుగో నిబంధన, మొదటి వాక్యం: "నామకరణం కాని యంత్రానికి విద్యుత్తు ఇవ్వరాదు." రెండో వాక్యం లేదు. దాని అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ జిల్లా జనన మరణ నమోదు కార్యాలయంలో మూడో కౌంటరు నాది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే కూర్చున్నాను. పుట్టినవాళ్లు నా దగ్గరికి వస్తారు, పెళ్లయినవాళ్లు నాలుగుకి వెళతారు, పోయినవాళ్లు (అంటే వాళ్ల తాలూకు వాళ్లు) ఐదుకి వెళతారు. జావా మొత్తం మీద ఇంత సవ్యమైన వరుస ఇంకెక్కడా లేదని మా అభిప్రాయం.

వెనక గదిలో ఒక పాత హార్డ్ డిస్కు ఉండేది. కొత్త నమోదులు నేరుగా రాజధానిలో ఉన్న యంత్రంలోకి పోతాయి కానీ, అంతకుముందు డెబ్భై ఏళ్ల జననాలూ పెళ్లిళ్లూ మరణాలూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. నిబంధనావళి రాకముందు కొన్నది కాబట్టి దానికి పేరు లేదు. 'అది' అనేవాళ్లం. ఫిబ్రవరిలో ఒక సోమవారం 'అది' టక్ టక్ అనడం మొదలుపెట్టింది. కంప్యూటర్లు చూసే గియాంతో చెవి ఆనించి విన్నాడు, వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ విన్నాడు.

"ఇంకొక్కసారి తిరుగుతుంది, బు. ఆ ఒక్కసారీ కొత్తదాంట్లోకి ఎక్కించుకోడానికే తిరగాలి," అని నాతో చెప్పి, కరెంటు తీసేసి, గదికి తాళం వేశాడు. (మా దగ్గర మర్యాదకు ఆడవాళ్లను 'బు' అంటారు, మగవాళ్లను 'పాక్' అంటారు.) ఆరోజు నుంచి కరంగ్‌వులులో పాత కాగితం ఒక్కటీ బయటికి రాలేదు.

కొత్త హార్డ్ డిస్కులు ఐదు, పదకొండు రోజుల్లో వచ్చేశాయి. (ఈ సంగతి ఇప్పటికీ పక్క జిల్లాలవాళ్లు నమ్మరు.) ఆస్తుల విభాగంలో కూర్చునే బు లెస్తారి ఫారం ఇచ్చింది. తొమ్మిదో గడి: పేరు. ఆమోదపత్రం జతచేయవలెను.

గియాంతో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని రాసిచ్చాడు. బు లెస్తారి వెనక్కి పంపింది. లోగడ ఐదు బీరువాలకు అంకెలు వేసి ఐదుగురు విభాగాధిపతులకు పంచితే, ఐదో నంబరు బీరువా వచ్చినాయన తనను అందరికన్నా కిందేశారని చిన్నబుచ్చుకుని, నడుంనొప్పి సెలవు పెట్టి రిటైరయ్యేదాకా రాలేదు. అప్పటినుంచి మా దగ్గర ఏ వస్తువుకీ అంకె వెయ్యడం లేదు.

మా అధికారి పాక్ ద్రజత్ మంచి మనిషి. ఎవరి మనసూ నొప్పించడు, కాబట్టి ఏదీ తనొక్కడే తేల్చడు. ఏడుగురితో కమిటీ వేశాడు. మా దేశంలో కమిటీ పుట్టాలంటే ముందు దానికి పొట్టి పేరు పుట్టాలి. రెండు సమావేశాలు అందుకే పట్టాయి. 'డిస్కులకు పేరు పెట్టే కమిటీ' అన్న మా భాష మాటల్ని కుదించి 'పనచాక్' అని తేల్చారు. అందులో మినిట్సు రాసే పని నాకు పడింది.

మొదట కొండల పేర్లు అనుకున్నారు. పెద్దదీ, కదలనిదీ, అన్నీ కడుపులో దాచుకునేదీ కొండే కదా అన్నాడు పాక్ ద్రజత్. మెరాపి, మెర్బాబు, సిండోరో, సుంబింగ్, లావు అని చీటీలు అచ్చేసి, ఇంకా విప్పని డబ్బాల మీద అంటించి, ఒక వారం పరిశీలనకు బల్ల మీద పెట్టారు. మూడో రోజు పొద్దున పాక్ ద్రజత్, నిప్పులు కక్కే కొండ మెరాపి పేరున్న డబ్బా మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. డబ్బా కాలుతోంది.

ఆ బల్ల మీదికి రోజూ పదింటికి కిటికీలోంచి ఎండ వస్తుందని గియాంతో చెప్పాడు. దాన్ని 'భిన్నాభిప్రాయం' అని మినిట్సులో రాశాను.

టీ తెచ్చిన ముసలి పాక్ వగియో కప్పులు పెడుతూ, పేరు బరువైపోయింది అన్నాడు. ఆయన పుట్టినప్పుడు వాళ్ల నాన్న రాజులు పెట్టుకునేంత పేరు పెట్టాడట. మూడేళ్లు వచ్చేదాకా జ్వరం వదల్లేదు. సంతరోజును బట్టి వగియో అని మార్చాక, మర్నాడే లేచి కోడిని తరిమాడట. ఎవరూ నవ్వలేదు. కమిటీలో ఏడుగురికి నలుగురు చిన్నప్పుడు పేరు మార్చుకున్నవాళ్లే.

దాంతో పేర్ల తూకానికి ఉపసంఘం వేశారు. టపా విభాగం నుంచి తక్కెడ తెప్పించారు. పేరు అచ్చువేసిన కాగితాన్నీ, వట్టి కాగితాన్నీ తూచారు, తేడా తేలలేదు. కంసాలి దగ్గర్నుంచి ఇంకో తక్కెడ తెచ్చారు. అప్పుడు తేలింది. ఏ పేరూ ఒక లవంగం బరువు మించరాదని తీర్మానించారు. సిండోరో మించింది.

బు తుమిరా రావడం మొదలుపెట్టింది ఈ తూకాల రోజుల్లోనే. బజార్లో టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) అమ్ముకునే మనిషి, అరవై నాలుగేళ్లు. ప్రతి మంగళవారం ఆకులో చుట్టిన వేయించిన టెంపే ముక్కలు నా కౌంటరు మీద పెట్టి కూర్చునేది. ఇరవై ఆరేళ్ల కిందట హజ్ యాత్రకు పేరు రాయించుకుంది. మా జిల్లాలో ఆ వరుస అంత పొడుగు. ఇన్నాళ్లకు ఆమె వంతు వచ్చింది. తీరా చూస్తే యాత్ర జాబితాలో ఆమె పేరు తుమినా అని ఉంది, గుర్తింపు కార్డులో తుమిరా అని ఉంది. రెండింట్లో ఏది ఆమో జననపత్రమే చెప్పాలి. ఇంట్లో ఉన్న పత్రం వరదలో పోయింది. నకలు 'అది' కడుపులో ఉంది. జూలై నెలాఖరులోగా పాస్‌పోర్టు చేతికి రాకపోతే ఆమె చోటు వెనకున్నవాళ్లకు పోతుంది.

"అప్పుడు నేను మళ్లీ తోక చివర నిలబడాలి. వంతు వచ్చేసరికి తొంభై వస్తాయి," అంది మొదటి రోజు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆమెకు నేను జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పేదాన్ని. ఏప్రిల్లో కమిటీ పళ్ల దగ్గరికి వచ్చిందని చెబితే శ్రద్ధగా విన్నది. సలాక్, దుకు, జామ, మాంగిస్, దురియన్. దురియన్ అంటే వీధంతా కంపు కొట్టే పండు; ఆ డబ్బా నుంచి వాసన వస్తోందని పై అంతస్తు నుంచి ముగ్గురు సంతకాలు పెట్టి ఫిర్యాదు చేశారు. (డబ్బా సీలు ఊడలేదు.) ఒక అర్జీదారుకు బంట్రోతు, మీ కాగితం దుకులో ఉంటుందని చెబితే, దుకు జనవరిలో కదా వచ్చేది, అప్పుడే వస్తానని ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నెలలో మా కార్యాలయం నుంచి తృప్తిగా వెళ్లిన మనిషి ఆయనొక్కడే.

"తొమ్మిదిమంది మనవలకి పేర్లు పెట్టానమ్మాయ్," అంది బు తుమిరా. "నాలుగు మేకలకీ పెట్టాను. మేకలకే కాస్త ఆలోచించాను. పొద్దస్తమానం పిలవాల్సింది వాటినే కదా."

పళ్ల తరవాత సద్గుణాలు వచ్చాయి. నిజాయితీ, క్రమశిక్షణ, వినయం, ఓర్పు, సేవ. ఇది దాదాపు ఖాయమైంది. కమిటీవాళ్లు లేచి చేతులు కూడా కలిపారు. అప్పుడు బు లెస్తారి ఒక్క మాట అడిగింది. రేపు రిపేరుకు పంపాల్సి వస్తే ఫారంలో ఏమని రాయాలి? 'మా కార్యాలయంలో నిజాయితీ చెడిపోయినది, కొత్తది మంజూరు చేయగలరు' అనా? అందరూ మళ్లీ కూర్చున్నారు.

జూలైలో ఇరవై మూడో సమావేశం రిటైరైన అధికారుల పేర్ల మీద జరిగింది. దాని గురించి రాయకపోవడం మంచిది. ఇద్దరు బతికే ఉన్నారు.

మర్నాడు మంగళవారం. బు తుమిరా వచ్చింది. చేతిలో ఆకు పొట్లం లేదు.

"ఇవాళ చెయ్యబుద్ధి కాలేదమ్మాయ్," అంది. గడువుకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. అంతలో ఒక కుర్ర జంట పొత్తిళ్లలో బిడ్డతో వచ్చింది. ఫారం తీసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలు చూసి, పేరు ఎక్కించి, ముద్రవేసి పత్రం ఇచ్చాను. నాలుగు నిమిషాలు. బు తుమిరా కళ్లార్పకుండా చూస్తూ ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే, బు."

"ఆ పేరే ఎందుకని ఎవరూ అడగరా?"

"అడగం. కన్నవాళ్ల ఇష్టం."

ఆమె లేచి కౌంటరు మీదికి వంగింది. "ఆ కుర్రాణ్ణి పిలిచి ఆ పెట్టెల్లో ఒకటి పట్టుకు రమ్మను. ఒక తువ్వాలు కూడా."

గియాంతోకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను. పాక్ ద్రజత్ తూకాల ఉపసంఘంతో బయటికి వెళ్లాడు.

ఫారం నింపడం మొదలుపెట్టాం. పుట్టిన చోటు: కరంగ్‌వులు. బరువు: ఆరువందల నలభై గ్రాములు. (టపా తక్కెడ ఇంకా మా గదిలోనే ఉంది.) పొడవు: పదిహేను సెంటీమీటర్లు. ఆడా మగా అన్న దగ్గర గియాంతో తడబడ్డాడు.

"చెప్పిందల్లా మాట్లాడకుండా దాచుకుంటుందన్నావుగా," అంది బు తుమిరా. "మగాడైతే కాదు. ఆడపిల్లే రాయి."

తల్లి గడిలో తన పేరు రాయించింది. తండ్రి గడి ఖాళీగా వదలొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. సాక్షులు గియాంతో, పాక్ వగియో. ఇక పేరు.

"అవెత్," అంది. ఆలోచించలేదు.

మా పల్లెల్లో ముందు పిల్లలు దక్కని తల్లులు తరవాతి బిడ్డకు పెట్టే పేరది. చెడకుండా చాలాకాలం ఉండమని. పాక్ వగియో గుండె మీద చెయ్యి వేసుకుని, తేలికైన పేరు అన్నాడు.

ముద్ర దగ్గర నా చెయ్యి ఆగింది. పంతొమ్మిదేళ్లలో పుట్టనిదాన్ని పుట్టిందని నేనెప్పుడూ రాయలేదు. ఫారం రెండు వైపులా మళ్లీ చదివాను. బిడ్డ ఊపిరి తీస్తోందా అన్న గడి ఎక్కడా లేదు. ఎదురుగా ఇరవై ఆరేళ్లు వరుసలో నిలబడ్డ మనిషి, తువ్వాల్లో హార్డ్ డిస్కును ఒళ్లో పెట్టుకుని, తనకు తెలియకుండానే మెల్లగా ఊపుతోంది. ముద్ర వేశాను.

బు లెస్తారి ఆ పత్రాన్ని వెలుతురుకు పట్టి చూసింది, తిప్పి చూసింది, ముద్రను వేలితో తడిమింది. ఆమోదపత్రం ఏ కార్యాలయం ఇవ్వాలో తొమ్మిదో గడిలో రాసి లేదు. "ఇన్నాళ్లకి ఒక్క సరైన కాగితం తెచ్చారు," అని సంతకం పెట్టేసింది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి గియాంతో రెండు పెట్టెలకూ కరెంటు ఇచ్చాడు. పాతది టక్ అంది. తిరిగింది. కౌంటర్లన్నీ ఖాళీ చేసి అందరం వెనక గది గుమ్మంలో నిలబడ్డాం. బు తుమిరా బెంచీ మీద జపమాల తిప్పుతూ ఉంది. మధ్యాహ్నం టక్‌టక్‌లు దగ్గరపడ్డాయి. గియాంతో అన్నం ముట్టలేదు. ఆ పెట్టెతో ఏవో మాటలు చెబుతూ కూర్చున్నాడు. కోపంలో ఉన్న అత్తగారితో మాట్లాడినట్టు, అంత మర్యాదగా. నాలుక్కి పది నిమిషాలుందనగా పాతది రెండుసార్లు టక్కుమని ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. అప్పటికే అంతా ఎక్కేసింది. పోయింది ఒక్కటే, మా సిబ్బంది హాజరు పట్టీలు. ఎవరూ కంటతడి పెట్టలేదు.

బు తుమిరా కాగితం బయటికి తీశాం. తుమినా అని ఉంది. యాత్ర జాబితా రాసినవాడిది సరి; నలభై ఏళ్లుగా ఆమె జేబులో ఉన్న గుర్తింపు కార్డుదే తప్పు.

"అంటే ఇన్నాళ్లూ నేను నేను కాదన్నమాట," అంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బెంచీ పట్టుకుని కూర్చుంది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. గడువుకు మూడు రోజుల ముందు పాస్‌పోర్టు వచ్చింది. వెళ్లొచ్చింది. మా అందరికీ ఖర్జూరాలు తెచ్చింది. అవెత్‌కు వేరే పొట్లం.

అవెత్ బాగానే ఉంది. ఆరోగ్య కేంద్రం నర్సు మాత్రం జననాల జాబితా చూసి, బిడ్డను తూకానికి తీసుకురాలేదేమని వాకబు చేసింది. బరువెంతో కాగితం మీద రాసివ్వమంది. రెండు నెలలైనా ఒక్క గ్రాము పెరగలేదని చూసి బెంగపడి, నెలనెలా పెసర జావ పొట్లాలు పంపుతోంది. గియాంతో కాస్త ఒళ్లు చేశాడు.

ఆ జావ పొట్లాల మీద 'అవెత్ తల్లిదండ్రులకు, మూడో కౌంటరు' అని రాసి ఉండటంతో విషయం పాక్ ద్రజత్ దాకా వెళ్లింది. నన్ను లోపలికి పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుని, పంతొమ్మిదేళ్లుగా వాడిన కప్పు కూడా సంచీలో సర్దుకుని వెళ్లాను. ఆయనకు కోపం రాలేదు. నిజంగా భయపడ్డాడు.

"నాలుగు నిమిషాల్లో పేరు పెట్టేశారా?"

"రోజూ అంతే, పాక్. పదకొండు, పన్నెండు పేర్లు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి వీధివైపు చూశాడు. వీధిలో జనం మామూలుగా నడుస్తున్నారు.

"మరి వాటిని ఎవరు తూస్తున్నారు?" అన్నాడు.

నవంబరులో సర్క్యులర్ వచ్చింది. జిల్లాలో పుట్టే ప్రతి శిశువు పేరూ ఇకనుంచి పనచాక్ ఆమోదం పొందవలెను. సభ్యుల సంఖ్యను పదమూడుకు పెంచారు. నా ఉద్యోగం నాకుంది. ముద్ర మాత్రం కమిటీ బీరువాలో ఉంది.

నా మనవడికి ఐదు నెలలు నిండాయి. బోర్లాపడుతున్నాడు, బోసినోటితో నవ్వుతున్నాడు. టీకాల కార్డు మీద పేరు అన్న చోట నర్సు 'పరిశీలనలో ఉంది' అని రాసింది. ఇప్పుడు వాడు అలా పిలిస్తేనే తల తిప్పి చూస్తున్నాడు.