ఎడమవైపు అప్పగింత

మోటారుసైకిలు ముందు టైరు ఎడమవైపు ఎక్కువగా అరుగుతున్నందున, బోని తవిటయ్య తన ఎడమవైపును ముప్పై రోజుల్లోగా మండల కార్యాలయంలో అప్పగించాలని నోటీసు వచ్చింది. రిజర్వాయరు కింద ఊరు పోయినవాళ్లకు కట్టిన ఆ కాలనీలో ఇలాంటివి కొత్త కాదు. కిందటి వేసవిలో ఇద్దరు ముసలివాళ్లు వెనక్కి తిరిగి చూడటాన్ని అప్పగించి వచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. పిలవాలంటే మాత్రం ఎదురుగా వెళ్లి పిలవాలి.

లోపం బండిలోనే ఉందని తేలితే నోటీసు రద్దవుతుందని అడుగున సన్న అక్షరాల్లో ఉంది. తవిటయ్య ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకుని, బండిని మెకానిక్ సన్నిబాబు దగ్గరికి తీసుకెళ్లాడు. సన్నిబాబుది కూడా మునిగిన ఊరే. వరసకు మేనల్లుడు.

సన్నిబాబు ఇంజను కింద చెక్క పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు. చక్రానికి రెండువైపులా ఉన్న ఫోర్కులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. ఎక్కడా వదులు లేదు. హ్యాండిలు కింద బేరింగులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. చక్రం పుల్లలన్నీ వేలితో మీటి చూశాడు. గాలి సరిగ్గా ఉంది. చివరికి చక్రం తిప్పి వదిలాడు. కాస్తంత వంకరగా తిరిగినా చాలునని ఇద్దరూ వంగి చూశారు. అది తిన్నగా తిరిగి, తిన్నగా ఆగింది.

“బండికేటీ నేదు మావా,” అన్నాడు సన్నిబాబు. “మనం ఎడమేపు పోతాం. రోడ్డు అంచుకి వాలుంటాది. ఆ వాలుకి ఎవలిదైనా కుడేపే కాస్త ఎక్కువ అరుగుద్ది. నీదొకటే ఎడమేపు అరిగింది.”

సంతకెళ్లే దారిలో ఒక్క ఎడమ మలుపు ఉందని తవిటయ్య ఒప్పుకున్నాడు. ఒక్క మలుపుకు టైరు ఇంత అరగదని సన్నిబాబు అన్నాడు. మలుపు ఇంకా మూడు కిలోమీటర్లు ఉండగానే మామ బండిని వాలుస్తున్నాడని అతనికి టైరు చూడగానే తెలిసింది. ఆ మాట మెల్లిగా చెప్పాడు.

“ఏదో ఒకటి ఇరగ్గొట్టీరా.”

“ఇరగ్గొట్టింది ఇరగ్గొట్టినట్టే కనపడుద్ది మావా. ఆఫీసోలు సెయ్యెట్టి సూస్తారు.”

చెయ్యి పెట్టే చూశారు. అరుగుదల పరిశీలకుడు ప్రభాకరం గారు నెమ్మదైన మనిషి. కార్యాలయం ముందు వేపచెట్టు నీడలో బండిని నిలబెట్టించి, టైరు మీద అరచేతిని ఇటు నుంచి అటు రాశారు. నున్నగా ఉంది. అటు నుంచి ఇటు రాశారు. రంపంలా గీసుకుంది. ఇది తొందరగా వెళ్లి నెమ్మదిగా తిరిగివచ్చేవాళ్ల అరుగుదల అని గుమాస్తాతో రాయించారు. తర్వాత పటం తెప్పించి చూశారు. తవిటయ్య తిరిగే ఐదో కిలోమీటరు రాయి దగ్గర పటంలో ఎడమవైపు రోడ్డేదీ లేదు. ఉన్న రోడ్డు నీళ్లలోకి పోతుంది కాబట్టి దాన్ని పటంలోంచి తీసేశారు. లేని రోడ్డు మీద టైరు అరగడం, పునరావాసం పూర్తయిందన్న నివేదికకు విరుద్ధం.

అక్కడ ఏం పని అని అడిగారు. అక్కడ కూతురుందని తవిటయ్య చెప్పాడు. ఏడేళ్లప్పుడు జ్వరంతో పోయింది. పెద్దవాళ్లనైతే కాలుస్తారు. పిల్లల్ని పూడుస్తారు. అందుకని నీలవేణి అక్కడే ఉండిపోయింది. ఊరు ఖాళీ చేయించినప్పుడు చింతచెట్లు లెక్కపెట్టారు, బావులు లెక్కపెట్టారు, పశువుల శాలల గోడలు కొలిచారు. ఆ పిల్ల ఏ కాగితంలోకీ రాలేదు. అందుకే సంత రోజున మొగుడూ పెళ్లాలు నీటి అంచుదాకా వెళ్లి, కాసేపు నిలబడి వస్తారు.

ప్రభాకరం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ జాబితా ఎప్పుడో ముగిసిందని, కొత్త పేర్లు చేర్చే గడి లేదని నిజంగానే బాధపడుతూ చెప్పారు.

“వచ్చీటప్పుడు ఆ మలుపు కుడేపుకి వస్తాది గదా బాబూ,” అన్నాడు తవిటయ్య. “అప్పుడు తిప్పుకుంటాను.”

ప్రభాకరం గారు నిబంధన చదివి చూశారు. “వెళ్లేటప్పుడు ఏది ఎడమో దాన్నే ఎడమగా రాసుకుంటామయ్యా.”

“మరి గేరు? ఎడంకాలితో ఎయ్యాల గదా?”

“గేరుకు మినహాయింపు ఉంది.”

ముప్పయ్యో రోజున తవిటయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. అప్పగింతకు నొప్పి ఉండదు. చెయ్యి, కాలు, కన్ను ఎక్కడివక్కడే ఉంటాయి, అవి ఉన్న వైపు మాత్రం ఉండదు. గుమాస్తా దాన్ని గుడ్డసంచిలో పెట్టి, పేరు రాసి, బీరువాలో మిగతావాటి పక్కన సర్దాడు. రసీదు ఇచ్చాడు.

ఆ గురువారం తవిటయ్య, పెళ్లాం లచ్చమ్మ ఎప్పటిలాగే సంతకు బయల్దేరారు. బండి దారం పట్టినట్టు తిన్నగా పోతోంది. ఐదో కిలోమీటరు రాయి దగ్గర లచ్చమ్మ మొగుడి భుజం తట్టింది.

“తిప్పు.”

“ఎటు?” అన్నాడు తవిటయ్య.

అతను వేళాకోళం ఆడటం లేదు. బండి ఆపి, ఎదురుగా రోడ్డు చూశాడు, కుడివైపు జీడితోటలు చూశాడు, మళ్లీ ఆమెను అడిగాడు. లచ్చమ్మ చెయ్యి చాపి చూపించింది. అతను ఆ చేతి మోచెయ్యిదాకా చూడగలిగాడు. కూతురి పేరు చెప్పింది. పేరు గుర్తుంది, జ్వరం గుర్తుంది, గుడ్డలో చుట్టి తన చేతులతోనే మోసుకెళ్లడం గుర్తుంది. ఎక్కడికి మోసుకెళ్లాడో తెలియలేదు. ఎండెక్కుతోందని లచ్చమ్మే మళ్లీ బండెక్కింది.

మూడు నెలలకు టైరు సమానంగా అరుగుతోందని ప్రభాకరం గారు రాసుకున్నారు. కాలనీ స్థిరపడిందని నివేదిక పైకి వెళ్లింది.

చీర కట్టుకున్నవాళ్లు బండి మీద ఎడమవైపుకే కాళ్లు వేలాడేసి కూర్చుంటారు. కాబట్టి సంతకు వెళ్లేటప్పుడల్లా లచ్చమ్మకు ఎదురుగా ఆ నీళ్లే కనిపించేవి. మొదట్లో ఆమె, నీళ్లు తగ్గాయనో కొంగలు వాలాయనో మొగుడికి చెప్పేది. అతను మర్యాదగా ఊఁ కొట్టేవాడు, పొరుగూరి సంగతి విన్నట్టు. తర్వాత చెప్పడం మానేసింది. ఒక గురువారం ఆమె కుడివైపుకు తిరిగి కూర్చుంది. అలా కూర్చోమని ఆమెకు ఏ నోటీసూ రాలేదు. కాలనీ ఆడవాళ్లు చాలామంది ఇప్పుడు వెళ్లేటప్పుడు అటే కూర్చుంటున్నారు. కాళ్లకు అదే సుఖంగా ఉందంటున్నారు.