అన్నిటికీ "ఎప్పుడూ లేదు"

ఆ రోజు ఉదయం, బస్సులను వేళకు పంపే టైమ్ కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్లాలి, డ్యూటీలో చేరవచ్చని గుండె డాక్టరు చేత రాయించుకోవాలి, మర్నాడు బస్టాండులో విజిలు పట్టుకోవాలి. గుండెపోటు వచ్చాక నెల రోజులుగా ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. విజిలు లేదన్న మాటే గానీ ఉద్యోగం మానలేదు. కాఫీ ఆలస్యమైతే వంటింటి గుమ్మంలో నిలబడి కారణం అడిగేవాడు. భార్య స్నానానికి వెళ్తుంటే, ఎన్నింటికి బయటికొస్తుందో చెప్పి వెళ్లమనేవాడు.

బయల్దేరే ముందు బావమరిది ఓ కిటుకు చెప్పాడు.

"బావగారూ, అక్కడ మీ టెన్షన్ ఎంతుందో కొలుస్తారు. ఎక్కువని తేలితే సెలవు పొడిగిస్తారు. ఏమడిగినా సరే, కళ్లు మూసుకుని 'ఎప్పుడూ లేదు' అనేయండి."

ఆసుపత్రిలో నర్సు కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. భార్య పక్కనే కూర్చుంది.

"ఈ నెల్లో చీటికీమాటికీ కోపం వచ్చిందా సార్?"

"ఎప్పుడూ లేదు."

భార్య పైకప్పు వైపు చూసింది.

"కంగారుగా అనిపించిందా?"

"ఎప్పుడూ లేదు."

"పనులన్నీ మీరనుకున్నట్టే జరుగుతున్నాయనిపించిందా?"

"ఎప్పుడూ లేదు."

నర్సు కలం ఆగింది. భార్య చూపు పైకప్పు నుంచి కిందికి దిగింది.

"మీ సమస్యలు మీరే చక్కబెట్టుకోగలరన్న ధీమా?"

"ఎప్పుడూ లేదు!" టైమ్ కీపర్ మంచి ఊపులో ఉన్నాడు.

"ఏమండీ! నెల్రోజులుగా అడుగులకు మడుగులొత్తుతున్నాను. ఒక్క పనీ మీరనుకున్నట్టు జరగలేదా?"

"అబ్బా, నువ్వుండవే! అలా చెప్పమన్నది మీ తమ్ముడే."

"మనింట్లో మీకు సుఖం లేదని మా తమ్ముడన్నాడా?"

వాళ్లకు తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్న బావమరిది లోపలికి తొంగిచూశాడు. అక్క మొహం చూసి, అంతే వేగంగా మెట్లు దిగిపోయాడు.

గొడవ విని డాక్టరు వచ్చాడు. జవాబులు చదివి పెదవి విరిచాడు.

"కోపం లేదు, కంగారు లేదు. ధీమా కూడా లేదు. ఇది మంచిది కాదు. ఇంకో నెల ఇంట్లోనే ఉండండి. అమ్మా, మీరు క్షణం కూడా పక్కనుంచి కదలొద్దు."

టైమ్ కీపర్ నీరుగారిపోయాడు. చిత్రమేమిటంటే, ఆయన చెప్పిన అబద్ధాల మధ్య ఆ చివరి రెండూ నిజాలు. ఇంట్లో ఊరికే కూర్చుంటే తనిక ఎందుకూ పనికిరాడేమోనని ఆయనకు నిజంగానే భయంగా ఉంది.

"బస్టాండులో నేను విజిలేస్తేనే బస్సు కదుల్తుంది డాక్టరుగారూ! ఇంట్లో కుక్కర్ కూడా నన్నడక్కుండానే విజిలేస్తోంది."

ఈలోగా "ఇంకో నెల" అన్న మాట దగ్గరే భార్య కుర్చీలో వెనక్కి వాలిపోయింది. నర్సు ఆమెకు మంచినీళ్లిచ్చి, అవే ప్రశ్నలు ఆమెనూ అడిగింది.

"కోపం వచ్చిందామ్మా?"

"రోజూ."

"కంగారు?"

"రోజూ. స్నానాల గదిలో మరీను."

"అన్నీ మీరనుకున్నట్టు జరిగినట్టు అనిపించిందా?"

"ఆయన నిద్రపోతున్నప్పుడు."

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మీ గుండె నెమ్మదించింది. ఆవిడ గుండెను కూడా నేనే చూడాల్సిన పని పెట్టకండి. కూర్చునే పనే కాబట్టి, వెళ్లి చేరండి" అని సంతకం పెట్టేశాడు.

"రేపట్నుంచా?" అంది భార్య. "ఇవాళ సాయంత్రం షిఫ్టు ఉండదా?"

మర్నాడు టైమ్ కీపర్ డ్యూటీ నుంచి ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. ఇంట్లో ఎవరూ గడియారం చూడలేదు.