ఆఖరి బోల్టు

ఆ శనివారం పనులు ముందురోజే పంచుకున్నారు. కేకు భార్యది, కారు భర్తది. నోరు మూసుకుని వెనకసీట్లో కేకు డబ్బా పట్టుకుని కూర్చోవడం ఆయన అత్తగారిది. అత్తగారి పనిలో మొదటి సగం జరుగుతుందని ఇంట్లో ఎవరూ ఆశపెట్టుకోలేదు.

భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తా. వీధిలో మాత్రం అందరూ ఆయన్ని ఇంజనీరు అంటారు. ఇంట్లో మిక్సీ విప్పి, తిరిగి బిగించాక గుప్పెడు స్క్రూలు మిగిల్చిన రోజు నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది. పాపం, ఆయన దాన్ని బిరుదు అనుకుంటున్నాడు.

వాళ్ళ కారు పాతది. మలుపు తిరిగితే చాలు, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగి, తీరిగ్గా లేస్తుంది. కిందటిసారి వాటర్ ట్యాంకు దగ్గర మలుపులో అలాగే ఒరిగితే, మూడంతస్తుల కేకు ఒకే అంతస్తయింది. ఇవాళ్టి కేకు ఊళ్ళో చిన్నపిల్లల బడి ఇచ్చిన ఆర్డరు. నెలలో వచ్చే పుట్టినరోజులన్నీ కలిపి ఒకేసారి చేయాలని అక్కడి హెడ్ మిస్ట్రెస్ నిర్ణయించింది. ఇది నచ్చితే నెలనెలా ఆర్డరు ఇస్తానంది. భార్య రాత్రి నిద్రపోలేదు. ఇది కూడా జారితే ఓవెన్ అమ్మేసి ఊరుకుంటానని తేల్చి చెప్పింది.

ఆ మాట ఇంజనీరు మనసులో గుచ్చుకుంది. వెంటనే వెళ్ళి బ్రేసులు కొనుక్కొచ్చాడు. బ్రేసులంటే కారు అడుగున అడ్డంగా బిగించే ఇనుప పట్టీలు. అవి ఉంటే బండి ఒళ్ళు మెలికపడకుండా బిర్రుగా నిలబడుతుంది, మలుపుల్లో ఊగదు. కొట్టతను ఒకే ఒక జాగ్రత్త చెప్పాడు. ఆఖరి బిగింపు మాత్రం నాలుగు చక్రాలూ నేలమీద ఉన్నప్పుడే చెయ్యాలట. ఒక మూల జాకీ మీద ఉండగా బిగిస్తే, బండి ఎలా మెలితిరిగి ఉందో అలాగే బిగుసుకుపోతుందట. ఇంజనీరు సగంలోనే తల ఊపేశాడు.

పొద్దున్నే పట్టీలన్నీ తగిలించాడు. కేకు సిద్ధమైంది. అత్తగారు వెనకసీట్లో కూర్చుంటే, ఆవిడ ఒళ్ళో కేకు బయటికి కనిపించే ప్లాస్టిక్ మూత డబ్బా పెట్టి, రెండు చేతులూ కిందనుంచి పట్టించి, భార్య తలుపు మెల్లగా వేసింది. బల్ల సర్దాలని తను ముందుగా స్కూటర్ మీద బయలుదేరింది.

"ఏమండీ, ఇంక దేన్నీ ముట్టుకోకండి. ఎక్కి, నడపండి. అంతే," అంది.

ఆయన సరేనన్నాడు. కానీ ఆఖరి బోల్టు ఇంకా చేతి బిగింపు మీదే ఉంది. నాలుగు చక్రాలూ నేలమీద ఉండగా కిందికి దూరదామంటే పొట్ట ఒప్పుకోలేదు. పక్కకి తిరిగి చూశాడు, ఊపిరి బిగబట్టి చూశాడు. చివరికి ముందు ఎడమ మూల జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, కింద దూరి, పళ్ళు బిగించి బోల్టు బిగించాడు. జాకీ దించి, చేతులు తుడుచుకుని, తలుపు లాగాడు. రాలేదు. అవతలి తలుపూ రాలేదు. వెనకవీ అంతే. కొట్టతను చెప్పినట్టే బండి మెలికతో సహా బిగుసుకుపోయింది.

"అల్లుడుగారూ, నేనెలా దిగాలి?" అని లోపలినుంచి అత్తగారు అడిగింది.

ఇప్పుడు దిగే పనేముంది, అక్కడికెళ్ళాక చూద్దామని ధైర్యం చెప్పాడు. బోల్టు మళ్ళీ విప్పుదామంటే టైము మించిపోతోంది. కిటికీలోంచి ముందు తల, తర్వాత పొట్ట, ఆ తర్వాత కాళ్ళు లోపలికి చేర్చాడు. ఒక చెప్పు బయటే ఉండిపోయింది. దానికి తోడుగా స్పానర్ కూడా గోడ మీదే ఉండిపోయింది.

సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ కంట్లో పడ్డాడు. చొక్కాకి గ్రీజు, మొహానికి మట్టి, ఒక కాలికే చెప్పు. వెనకసీట్లో కదలకుండా, చేతులు కనబడకుండా ఒక పెద్దావిడ. కానిస్టేబుల్ వంగి, ఎక్కడికి తీసుకెళ్తున్నారని ఆవిడనే అడిగాడు.

"మా అమ్మాయి చెప్పిన చోటికి, బాబూ. దిగుదామంటే తలుపులు రావు. ఈయనే బిగించేశారు. చేతులు తియ్యడానికి లేదు."

"ఈయన మీకేమవుతారు?"

అత్తగారు కాస్త ఆలోచించింది. "నిన్నటిదాకా అల్లుడు," అంది.

ఇంజనీరు ఇనుప పట్టీల సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలెట్టాడు. కానిస్టేబుల్ కేకు చూశాడు, నాలుగు తలుపులూ స్వయంగా లాగి చూశాడు. ఒక పిడి ఊడి చేతికొచ్చింది. దాన్ని జాగ్రత్తగా జేబులో వేసుకుని, బడికే వెళ్తున్నారో లేదో తనే చూస్తానని మోటారుసైకిల్ ఎక్కి ముందు నడిచాడు.

వాటర్ ట్యాంకు మలుపు వచ్చింది. ఇంజనీరు గుండె చిక్కబట్టుకుని స్టీరింగు తిప్పాడు. కారు ఒరగలేదు, ఊగలేదు, గీత గీసినట్టు తిరిగింది. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. 

"కేకు కదల్లేదు," అంది వెనకనుంచి అత్తగారు. పెళ్ళయ్యాక ఆవిడ నోట ఆయన విన్న మొదటి మెచ్చుకోలు అదే.

ముందు పోలీసు బండి, వెనక కారు బడిలోకి వచ్చేసరికి, ఎవరో పెద్ద మనిషి వచ్చారని హెడ్ మిస్ట్రెస్ మెట్లు దిగి ఎదురొచ్చింది. మొగుణ్ణి పట్టుకొచ్చారని భార్య పరుగెత్తుకొచ్చింది. ఇద్దరికీ జరిగింది చెప్పేసరికి కానిస్టేబుల్ గొంతు ఆరిపోయింది. భార్య లోపలికి తొంగి చూసింది. మూడంతస్తులూ మూడంతస్తులుగానే ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని తలుపు లాగింది. రాలేదు. డబ్బా కిటికీలో పట్టదు. స్పానర్ ఏదని అడిగింది. ఆయన చెప్పులేని కాలివైపు చూసుకున్నాడు.

"ముట్టుకోవద్దన్నానా?" అంది భార్య, చాలా మెల్లగా. ఆమె గట్టిగా అరిచి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఈలోగా పిల్లలు కారు చుట్టూ మూగారు. నెలంతా ఎదురుచూసిన కేకు అద్దం అవతల కనిపిస్తోంది. ఒకపిల్ల బిక్కమొహం పెట్టింది. అది చూసి అత్తగారు ఉండబట్టలేక, కత్తి ఇటివ్వమని కూతుర్ని అడిగింది. డబ్బా సీటు మీద పెట్టి, మూత తీసి, కిటికీలోంచి మొదటి ముక్క అందించింది.

కిటికీ ఒకటే, అందించే చెయ్యి ఒకటే. తోసుకుంటే ముక్క రాదని పిల్లలకు క్షణంలో అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే వరుస కట్టారు. అత్తగారు పేరు అడిగి, పుట్టినరోజు ఎప్పుడో అడిగి, నీకు కాస్త క్రీమెక్కువ అని ఒక్కొక్కరికీ రహస్యంగా చెప్పి ఇచ్చింది. ఆ వరుసలో కానిస్టేబుల్ రెండుసార్లు కనిపించాడు.

హెడ్ మిస్ట్రెస్ మెట్ల మీద నిలబడి ఆ వరుసను చూస్తూ ఉండిపోయింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈల ఊది, బెత్తం ఆడించి, గొంతు పోగొట్టుకుని కూడా ఆవిడ సాధించలేనిది అది.

"ప్రతి నెలా మీదే ఆర్డరు," అంది భార్యతో. "కానీ ఇలాగే తేవాలి."

"ఇలాగే అంటే, మేడమ్?"

"పెద్దావిడ లోపల, పిల్లలు బయట. తలుపులు తెరవకూడదు."

అది పొరపాటున జరిగిందని చెప్పబోయిన ఇంజనీరు ఉత్తికాలిని భార్య చెప్పుకాలితో గట్టిగా తొక్కింది. తర్వాత స్కూటర్ మీద వెళ్ళి స్పానరూ, రెండో చెప్పూ తనే తెచ్చిచ్చింది. ఇస్తూ నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆయనకు కాలినొప్పి తెలియలేదు.

ఓవెన్ ఇంట్లోనే ఉంది. నెలకోసారి అత్తగారు కేకుతో లోపల కూర్చున్నాక, ఇంజనీరు ముందు ఎడమ మూల జాకీతో ఎత్తి ఆఖరి బోల్టు బిగిస్తాడు. ఆయన తలుపులు నాలుగూ లాగి చూపిస్తే, ఒక్కటీ రావడం లేదని ఆవిడ ఖాయం చేశాకే బండి కదులుతుంది.